మిద్దె కారిన రోజు

హేమంత్‌కుమార్ ప్రెషర్ కుక్కర్ కొనే ముందు రెండు నెలలు రివ్యూలు చదివిన మనిషి. అలాంటివాణ్ణి హూడిలో ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చోబెట్టి, పక్క టీమ్ కిరణ్మయి ఒకరోజు సూటిగా అడిగేసింది.

"నువ్వంటే నాకిష్టం. పెండ్లి చేసుకుందామా?"

హేమంత్ మనసు ఎగిరి గంతేసింది. నోరు మాత్రం అలవాటు మానలేదు.

"కొంచెం టైమ్ ఇస్తావా? ఆలోచించి చెప్తాను."

"సరేప్పా," అని ఆమె లేచి వెళ్లిపోయింది.

ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. అదే ఆలస్యానికి హేమంత్ వాళ్ల ఆఫీసులో 'డ్యూ డిలిజెన్స్' అని పేరు. పాపం, సాయంత్రం బస్సు మారతహళ్లి దాటకముందే అతనికి సంగతి తేలిపోయింది. ఆ పిల్ల లేకపోతే తన బతుకు ఉప్పులేని పప్పే. వెంటనే ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మెసేజ్ పెట్టాడు. చూడలేదు. వారం తిరిగేసరికి, ఆమె అవ్వతో కలిసి మంచుకొండల నడుమ ఉన్న స్పితి లోయ టూర్‌కి వెళ్తోందని తెలిసింది. హేమంత్ ఒక్క రివ్యూ కూడా చదవకుండా అదే టూర్‌కి డబ్బు కట్టేశాడు.

ఎయిర్‌పోర్ట్ లైన్‌లో కిరణ్మయి వెనక్కి తిరిగి చూసింది.

"నువ్వు ఇక్కడేం చేస్తుండావు?"

"టూర్. పాతకాలం మట్టి ఇళ్లు చూద్దామని. హిస్టరీ అంటే ఇంట్రెస్ట్."

"మొన్న ఆఫీసంతా హంపి పోతే ఎండ అని రాకపోతివి కదప్పా."

అంతలో ఆమె అవ్వ సరోజమ్మ ముందుకు వచ్చింది. నగర్తపేటలో స్థిరపడి నలభై ఏళ్లయినా, కదిరి పక్క పల్లెలో తను పుట్టిన మట్టి మిద్దెను మరిచిపోని మనిషి. స్పితి ఇళ్ల వీడియో ఎవరో చూపిస్తే, "మా మిద్దె మాదిరే ఉండాది, పోవాల్సిందే" అని పట్టుబట్టింది.

"ఎవరే ఈ అబ్బాయి?"

"ఆఫీసులో తెలిసినాయన, అవ్వా."

'తెలిసినాయన' అన్న మాట హేమంత్ గుండెలో ముల్లులా దిగింది.

స్పితిలో చెట్టూ చేమా లేవు. కొండలు మట్టిరంగు, ఇళ్లు మట్టి ఇటుకలవి. సున్నం కొట్టిన గోడలూ, కిటికీల చుట్టూ నల్లని పట్టీలూ లేకపోతే కొండ ఎక్కడ ఆగిందో, ఊరు ఎక్కడ మొదలైందో తెలియదు. వందల ఏళ్లుగా నిలబడ్డ ఆ గోడలను బస్సులో అందరూ నోరు తెరిచి చూస్తున్నారు. హేమంత్ మాత్రం ముందు సీట్లో ఊగుతున్న జడను చూస్తున్నాడు.

సరోజమ్మ అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, తినమని చేతిలో కరకరలాడే నిప్పట్ల డబ్బా పెట్టింది.

"మా పిల్ల తానే నోరు తెరిచి అడిగితే, ఒకడు ఆలోచించి చెప్తానన్నాడంటప్పా. వానికి మెదడుండాదంటావా?"

"ఉండే ఉంటుందండీ. కొంచెం నిదానం అయ్యుంటాడు."

"నిదానమా? వాడు పెండ్లిలో రెండు ముళ్లేసి, మూడోది సోమవారం చూద్దామంటాడు."

ముందు సీట్లో కిరణ్మయి భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో హేమంత్‌కి అంతుపట్టలేదు.

మట్టితో కట్టిన పాత బౌద్ధ మఠంలో హేమంత్ కిరణ్మయితో మాట కలపబోతే, గైడ్ నోటిమీద వేలు పెట్టి ఉరిమి చూశాడు. ఇంకా ఎత్తున ఉన్న పల్లెలో దగ్గరికి వెళ్తే, "ఇక్కడ గాలి తక్కువ. ఊరికే మాట్లాడి వేస్ట్ చేయొద్దు," అని కిరణ్మయి పక్కకు వెళ్లిపోయింది.

చివరి మజిలీ ఒక పల్లెటూరి మట్టి ఇంట్లో. సరోజమ్మ టీ చప్పరిస్తూ చల్లగా చెప్పింది.

"అత్తిబెలె నుంచి సంబంధం వచ్చుండాదప్పా. ఊరికి పోతానే పిల్ల సరే అంటుంది."

హేమంత్ గొంతులో టీ అడ్డం పడింది. ఇక మిగిలింది ఈ ఒక్క సాయంత్రమే. సరిగ్గా అప్పుడే బయట చినుకులు మొదలయ్యాయి. వాన చాలా అరుదైన చోట వాన. ప్రేమ చెప్పడానికి ఆకాశమే ముహూర్తం పెట్టిందనుకున్నాడు. కిటికీ దగ్గర నిలబడ్డ కిరణ్మయి దగ్గరికి వెళ్లాడు.

"కిరణ్మయీ, ఈ వానలో నీకొక మాట..."

అతని నెత్తిన ఒక బొట్టు పడింది. ఇంకొకటి పడింది. తల ఎత్తి చూస్తే బొట్లు పైకప్పు నుంచే.

ఇంటామె తన భాషలో ఏదో అరుస్తూ మట్టి గంపతో నిచ్చెన వైపు పరుగెత్తింది. సరోజమ్మకు ఆ భాష అక్కర్లేకపోయింది. కొంగు బిగించి లేచింది.

"మిద్దె కారతా ఉండాది. పైన మట్టి పోసి తొక్కితేనే ఆగేది. మట్టి ఎత్తండప్పా, చూస్తారేంది."

టూర్ మొత్తం మిద్దెక్కింది. ఆడవాళ్లు గంపలు అందిస్తున్నారు, మగవాళ్లు మట్టి పోస్తున్నారు, సరోజమ్మ మిద్దె నడుమ నిలబడి అందరినీ అదిలిస్తోంది. హేమంత్, కిరణ్మయి పక్కపక్కనే మట్టి తొక్కుతున్నారు. ఆ ఎత్తులో రెండడుగులు తొక్కితే ఊపిరి అందదు.

"ఇష్టమే... నాకు," అన్నాడు రొప్పుతూ. "మారతహళ్లి... దాటకముందే... తెలిసింది."

కిరణ్మయి ఆగింది. తడిసిన ముఖంలో కోపం పోయి, ఇన్నాళ్లూ దాచుకున్న బాధ బయటపడింది.

"అడిగేటప్పుడు ఎంత భయపడినానో తెలుసా? నువ్వు టైమ్ అడిగితే, నాలో ఏం తక్కువుండాదో అని రోజూ అద్దంలో వెతుక్కున్నా."

హేమంత్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది. తను ఆలోచించడానికి అడిగిన టైమంతా ఆమె ఏడవడానికి ఖర్చయిందని ఇప్పుడు అర్థమైంది.

"నీలో ఏ తక్కువా లేదు. నాకే ధైర్యం తక్కువ," అని మిద్దె నడుమకు నడిచాడు. "అవ్వా, ఆ టైమ్ అడిగినవాణ్ణి నేనే. మీ మనవరాలిని పెళ్లి చేసుకుంటాను. అత్తిబెలె వాళ్లకు వద్దని చెప్పండి."

గంపలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"అత్తిబెలె వాళ్లెవరు?" అంది కిరణ్మయి అయోమయంగా.

"ఎవరూ లేరు లేవే," అంది సరోజమ్మ. "మట్టి ఇండ్లు చూసేదానికి వచ్చినోడు ఒక్క ఇల్లన్నా చూసినాడా? ఎయిర్‌పోర్ట్ కాడి నుంచి నిన్నే చూస్తుండాడు. అప్పుడే తెలిసె, ఆ టైమ్ అడిగినోడు వీడేనని. అయినా వాని నోట వాడే చెప్పాల కదా."

కిరణ్మయి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటే బుగ్గకు మట్టి అంటింది. వచ్చి హేమంత్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మళ్లీ ఆలోచిస్తానంటే ఈడ్నించే తోసేస్తా."

సరోజమ్మ ఇద్దరి తలల మీదా మట్టి చేతులు పెట్టింది.

"నూరేండ్లు చల్లగుండండి. చేతులు తర్వాత పట్టుకుందురు గానీ, ఆ మూల ఇంకా కారతా ఉండాది. పోయి తొక్కండి."

ఇద్దరూ చేతులు వదలకుండానే వెళ్లి తొక్కారు.