కాలువలోకి ఒరిగిన పోతుచెట్టు

"నా గెలలకు కట్టిన సంచులు ఎవరు విప్పారు?" కింద నుంచి అడిగింది రబాబ్.

నడుముకు మోకు కట్టుకుని ఆమె బర్హీ రకం ఖర్జూరం చెట్టు దిగుతున్న ధియాబ్ సగంలో ఆగిపోయాడు. పక్క తోటవాడు. రబాబ్‌కు చిన్నప్పటి నుంచి తెలిసినవాడే.

"నేనే. పూలు విచ్చుకున్నాయి, నువ్వేమో సంచులు కట్టి మర్చిపోయావు. పుప్పొడి వేసి మళ్ళీ కట్టేశాను. థాంక్స్ చెప్పక్కర్లేదులే."

రబాబ్ గట్టు మీద కూలబడింది. వేరే పుప్పొడి సోకకూడదనే ఆ సంచులు కట్టింది. సముద్రపు ఉప్పు ఏటికి ఎదురెక్కి తమ ఊరు అబుల్ ఖసీబ్ తోటల్ని ఎండబెడుతోంది. తల్లిచెట్టు తీపి, ఉప్పును ఓర్చే తండ్రి గుణం ఒకే మొక్కలోకి తేవాలని ఆమె పట్టుదల. అందుకు తగిన పుప్పొడి వ్యవసాయ కాలేజీ నుంచి ఎల్లుండి రావాలి. వచ్చే వసంతానికి ఉప్పునీళ్ళలో బతికే మొక్క చూపించకపోతే తోటను ఇళ్ళ స్థలాలకు ఇచ్చేస్తానని నాన్న ముందే చెప్పాడు.

"ఏ చెట్టు పుప్పొడి?"

"మంచిదే," అన్నాడు ధియాబ్, ఎటో చూస్తూ.

ఆ రోజు నుంచి మాటల్లేవు. అతను ప్రతి శుక్రవారం చేపలు పంపేవాడు. చేప తిని, తెచ్చినవాడితో మాట్లాడకపోవడం ఏం మర్యాదే అని నాన్నమ్మ బీబీ దెప్పేది. రబాబ్ ముళ్ళు తీసుకుంటూ విననట్టు ఊరుకునేది.

కాయలు పండాక ఆ గింజల్ని పంతం కొద్దీ ఒక వరుస కుండీల్లో నాటింది. పక్క వరుసలో వేరే చెట్ల గింజలు. రెంటికీ కాలువ ఉప్పునీళ్ళే పోసింది. వసంతం వచ్చేసరికి పక్క వరుస మాడిపోయింది. ధియాబ్ వరుసలో చాలా మొక్కలు పచ్చగా నిలబడ్డాయి.

ఆమె గట్టు దాటి పరుగెత్తింది. "ఇప్పుడైనా నిజం చెప్పు. ఏ చెట్టు?"

అతను సిగ్గుపడుతూ కాలువలోకి ఒరిగిన పోతుచెట్టును, కాయలు కాయని మగచెట్టును చూపించాడు. వేళ్ళ చుట్టూ ఉప్పు తెల్లగా పేరుకుంది. ఎవరూ నాటలేదు, ఎవరో ఊసిన గింజ నుంచి మొలిచింది.

"మా మంచి పోతులన్నీ ఎండిపోయాయి. ఇదొక్కటే పూసింది. నీ బర్హీకి ఈ దిక్కులేనిదాని పుప్పొడి వేశానని ఏ మొహంతో చెప్పను?"

రబాబ్‌కు నవ్వాగలేదు.

సాయంత్రం ఆమె నాన్న కాలువ నీళ్ళు నోట్లో వేసుకుని ఉమ్మేశాడు. మొక్కల్ని మళ్ళీ చూశాడు. తోటను ఇళ్ళ స్థలాలకు ఇవ్వనన్నాడు.

"ఇంతకీ ఇవి పోతులా, పెంటులా?"

"పూసేదాకా తెలీదు నాన్నా. అయిదారేళ్ళు పట్టొచ్చు."

"అన్నాళ్ళు ఈ తోటలో చెట్లెక్కేదెవరు?"

"నేనెక్కుతా మామా," అన్నాడు ధియాబ్.

బీబీ ఎండునిమ్మకాయ చాయ్ తెచ్చింది. అందరూ తాగారు. ధియాబ్ గ్లాసు ముట్టలేదు. ఆ ఊరి ఆచారంలో పిల్లనడగడానికి వచ్చినవాడే జవాబు వినేదాకా గ్లాసు ముట్టడు. బీబీ ముసుగు చాటున నవ్వింది. నాన్న గ్లాసు వంకా, కూతురి వంకా చూశాడు.

"ఈసారైనా ముందు అడుగుతున్నావు," అంది రబాబ్, తల ఎత్తకుండా. గ్లాసును అతని వైపు జరిపింది.

"తాగు. చల్లారిపోతోంది."