గుడ్డు వింటోంది

పరుగు!

చీకట్లో ముందు ఒక తెల్లముసుగు. వెనక ఇంకో తెల్లముసుగు.

ఎవరైనా చూస్తే రెండు దయ్యాలు పందెం వేసుకున్నాయనుకుంటారు.

వెనక పరిగెడుతున్న దయ్యాన్ని జూలో అందరూ తల్లికోడి అంటారు. బారెడు మీసాలు, తలుపులో పట్టని భుజాలు. అయినా ఆ పేరే ఖాయమైంది. పక్షుల గుడ్లు పొదిగించడం అతని ఉద్యోగం. అతను పక్కన కూర్చుంటే ఉడకబెట్టిన గుడ్డులోంచి కూడా పిల్ల వస్తుందని జోకు.

ముందు పరిగెడుతున్నది దొంగ.

దొంగ చేతిలో గుడ్డు!

మామూలు గుడ్డు కాదు... రాగిమెడ కొంగది! బయట చిత్తడి నేలల్లో ఆ జాతి వేళ్ల మీద లెక్కపెట్టేంతే మిగిలింది. జూలో ఉన్న ఒక్క ఆడకొంగ పోయిన నెలలో చచ్చిపోయింది. చచ్చేముందు పెట్టిన గుడ్డు ఇది. ఏ క్షణమైనా పిల్ల బయటికి రావచ్చు.

"దొంగ! దొంగ!" అని అరవాలి. అరుపు గొంతు దాకా వచ్చింది.

మింగేశాడు.

అరవకూడదు! ఒక్క మాట కూడా!

ఎందుకంటే... గుడ్డు వింటోంది.

పెంకులో ఉండగానే పిల్లకి చెవులు పనిచేస్తాయి. పక్కన ఎవరి గొంతు వినిపిస్తే వాళ్లే అమ్మ. కళ్లు తెరవగానే ఎవరి మొహం కనిపిస్తే వాళ్లదే తన జాతి. మనిషిని అమ్మ అనుకున్న కొంగ అడవికి పనికిరాదు. ఇంకో కొంగ మొహం కూడా చూడదు. అందుకే పొదిగే గదిలోకి ఎవరొచ్చినా ఒంటి నిండా తెల్లముసుగు, నోటికి తాళం.

అక్కడ వినిపించేది ఒక్కటే గొంతు. చచ్చిపోయిన తల్లిది.

బతికుండగా రికార్డు చేసిన పిలుపు. నడుముకి కట్టుకున్న చిన్న స్పీకర్లోంచి రాత్రంతా వినిపించాలి. ఒంటరిగా కూర్చుని చచ్చినదాని పిలుపు వినీ వినీ తల్లికోడి సగం అయిపోయాడు. ఇంట్లో కుక్కర్ విజిల్ వేసినా మంచం కిందకి దూరుతున్నాడు.

నడుముకి రెండోవైపు వాకీటాకీ గరగరలాడింది.

"బావా! పక్షుల గది తలుపు బార్లా తీసుంది! ఏమైంది బావా? పలకవేం?"

నైట్ గార్డు. పెళ్లాం తమ్ముడు. చేతిలో తుపాకీ ఉంటుంది, గుండెలో మాత్రం ఏమీ ఉండదు. తన నీడ ఎదురొస్తే పక్కకి తప్పుకుని దారిచ్చే రకం.

ఆగి మాట్లాడితే దొంగ పోతాడు. పరిగెడుతూ మాట్లాడితే గుడ్డు పోతుంది.

వాకీటాకీ ఆపేశాడు.

దొంగ ఎడమకి తిరిగాడు... ఖాళీ బోన్ల వీధిలోకి!

ఆ వీధిలోకి పగలే ఎవరూ రారు. అంతరించిపోయిన జంతువుల బోన్లు అవి. ఒక్కో బోను ముందు ఒక్కో రాయి, రాయి మీద ఒక్కో పేరు. లోపల ఏమీ ఉండదు. అయినా రోజూ ఊడ్చి తాళం వేస్తారు. లేనివి పారిపోకుండా!

చివర్న ఒక బోను ఈమధ్యే ఖాళీ అయింది. దాని ముందు రాయి ఉంది. పేరు ఇంకా చెక్కలేదు.

తల్లికోడి అటు చూడలేదు.

మొహం తిప్పుకుని మళ్లీ ముందుకి చూసేసరికి... దొంగ మాయం!

కటకటాలు. చీకటి. తన ఊపిరి.

ఎక్కడో ఎండుటాకు నలిగింది. ఖాళీ బోన్ల మధ్య!

ఏ బోను దగ్గరో తెలియలేదు. స్పీకర్ నొక్కాడు.

క్ర్రూ...

చచ్చిపోయిన తల్లి పిలిచింది. ఆ పిలుపు బోనులోంచి బోనులోకి పాకింది. లేని జంతువులన్నీ చెవులు రిక్కించినట్టు వీధి వీధంతా బిగుసుకుపోయింది.

క్ర్రూ...

"పీక్!"

జవాబు! సన్నగా... పెంకు లోపల్నుంచి!

పేరు చెక్కని రాయి వెనక!

దూకాడు. దొంగ కంచె ఎక్కబోయాడు. తల్లికోడి కాలు దొరకబుచ్చుకుని ఒక్క లాగు లాగాడు. దొంగ వెల్లకిలా పడ్డాడు... ముళ్లపొదలో!

గుడ్డున్న చెయ్యి మాత్రం నిటారుగా ఆకాశంలోకి లేచి ఉంది.

దొంగ అరవలేదు.

అమ్మా అనలేదు. అబ్బా అనలేదు. అన్ని ముళ్లు ఒకేసారి దిగితే రాయైనా కెవ్వుమనాలి!

తల్లికోడి వేళ్లు సడలాయి.

అరవకూడదని దొంగకీ తెలుసు!

ఈ జూలో ఆ సంగతి పట్టించుకునేవాళ్లు ఇద్దరే. ఒకడు తను. రెండోది...

దొంగ లేచింది. ఎడమకాలు ఈడుస్తోంది. ఎప్పుడో నిప్పుకోడి తన్నిన కాలు, దెబ్బ తగిలితే చాలు ఇలాగే అవుతుంది!

డాక్టరమ్మ!

ఈ జూలో జంతువుల డాక్టరు. చచ్చిపోయిన ఆ కొంగని చిన్నప్పట్నుంచి చూసుకున్న మనిషి. సాయంత్రం ఆఫీసులో జరిగిన గొడవ తల్లికోడి బుర్రలో గిర్రున తిరిగింది.

"సార్, గుడ్డుని గాజు హాల్లో పెట్టకండి సార్! కళ్లు తెరవగానే అంతమందిని చూస్తే మనిషే తన జాతి అనుకుంటుంది."

"అనుకోనీవమ్మా. మనమేం అంత వికారంగా ఉన్నామా?" డైరెక్టర్ సార్ అద్దంలో జుట్టు సవరించుకున్నాడు. ఫొటోగ్రాఫర్ రానిదే తుమ్ము కూడా తుమ్మడు ఆయన. "తెల్లారకముందే హాల్లోకి మార్చేయండి. టీవీ వాళ్లొస్తున్నారు."

"అడవిలో బతకదు సార్!"

"టీవీలో బతుకుతుంది లేమ్మా. నీ తాళాలు టేబుల్ మీద పెట్టేసి వెళ్లు."

ఇప్పుడు డాక్టరమ్మ జూ వెనక గేటు వైపు చూపించింది. గేటు అవతల జీపు. జీపులో ఇంక్యుబేటర్ ఎర్రలైటు. చిత్తడి నేలల దాకా పోయే రోడ్డు. గాల్లో తాళం తిప్పుతున్నట్టు వేళ్లు ఆడించింది.

తాళాలు తల్లికోడి జేబులో ఉన్నాయి.

ఇస్తే... ఉద్యోగం పోతుంది. ఇవ్వకపోతే... రాయి మీద పేరు చెక్కుతారు.

"పీక్!" పెంకు మీద బీట పడింది.

తాళం తీశాడు. గేటు కిర్రుమంది.

అప్పుడే టార్చి వెలుగు!

"ఎవర్రా అక్కడ? దయ్యాలా? దొంగలా?"

బావమరిది! వీధి ఆ చివర. టార్చి వణుకుతోంది. తుపాకీ అంతకన్నా వణుకుతోంది.

"మా బావనేం చేశార్రా? ఎంత పిలిచినా పలకట్లేదు! చంపేశారా?"

దూరపు కేకలతో భయం లేదు. పిల్లకి అవన్నీ జూ గోలలో కలిసిపోతాయి. దగ్గరి గొంతే ప్రమాదం.

గుడ్డుకి దగ్గరగా ఉన్నది తల్లికోడి.

"మాట్లాడకపోతే కాల్చేస్తా! నిజం! కాల్చేస్తా!"

ఒక్క మాట చాలు. "నేనేరా!" అంతే!

ముసుగు తీద్దామంటే ముడి వీపు వెనక ఉంది. అంత టైం లేదు.

నోరు తెరిచాడు.

డాక్టరమ్మ చేతిలో పెంకు విచ్చుకుంది. తడితడి తల బయటికొచ్చింది. కళ్లింకా తెరవలేదు. సన్నటి మెడ నిక్కించి...

వింటోంది.

నోరు మూసేశాడు.

డాక్టరమ్మకి అడ్డంగా నిలబడ్డాడు. రెండు చేతులూ పైకెత్తాడు.

లొంగిపోతున్నానని చెబుతున్నాడు అతను. దయ్యం రెక్కలు విప్పి మీదకొస్తోందనుకున్నాడు గార్డు.

ఢాం!

జూ జూ అంతా లేచింది. సింహాలు, కోతులు, ఏనుగులు... ఒక్కటే గోల. ఆ తర్వాత అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

గార్డు పరిగెత్తుకొచ్చాడు. కిందపడ్డ దయ్యానికి చెప్పులున్నాయి. తన అక్క కొన్న చెప్పులు!

మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"బా..."

కిందనుంచి ఒక చెయ్యి లేచింది. నెత్తుటితో తడిసిన చెయ్యి. బావమరిది మెడ పట్టుకుని కిందకి లాగింది. మాట వినపడకుండా, మొహం కనపడకుండా... వాడి తలని తెల్లముసుగు కింద కొట్టుకుంటున్న గుండెకేసి అదిమేసింది.

డాక్టరమ్మ చేతుల్లో కొంగపిల్ల కళ్లు తెరిచింది.

దానికి ఒక్క మనిషీ కనపడలేదు.