యగోదా క్లారినెట్ పీక

ఆ అమ్మాయి తలుపు తోసుకుని వచ్చిన తీరు చూసి బెన్నో కాఫీ కప్పు పక్కన పెట్టేశాడు. చేతిలో చిన్న నల్ల పెట్టె, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నా క్లారినెట్ పీక, నోట పెట్టుకుని ఊదేది, ఎవరో తీసేశారు. రేపు పొద్దున్న ఇక్కడి సంగీత కళాశాలలో ప్రవేశ పరీక్ష," అంది.

ఎదురుగా కూర్చున్నావిడ ఒటీలియా క్రెన్. వియన్నాలో ప్రైవేట్ డిటెక్టివ్‌గా పేరున్న మనిషి. మాట కరుకు. ఆవిడ నోట ఒక్క మెచ్చుకోలు వినాలని సహాయకుడు బెన్నో ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నాడు, పాపం.

"పీకేగా, ఇంకోటి కొనుక్కోరాదూ?" అన్నాడు బెన్నో.

"కొనుక్కోవచ్చండీ. నా పెదవికి అలవాటయ్యేసరికి నెలలు పడుతుంది. వచ్చే ఏడాదికి నా వయసు దాటిపోతుంది, ఇక రానివ్వరు." ఆ అమ్మాయి పెట్టెను గుండెకు హత్తుకుంది. "ఈ ఒక్క పరీక్ష కోసమే బతికానండీ ఇన్నాళ్లూ."

పేరు యగోదా, ఊరు క్రాకోవ్. బడి నాటి స్నేహితులు హాల్ష్కా, కయెటాన్‌లతో కలిసి వీపున సంచులేసుకుని బెర్లిన్, ప్రాగ్ తిరిగి వియన్నా చేరింది. పరీక్ష అయ్యాక ముగ్గురూ బుడాపెస్ట్ వెళ్లాలని అనుకున్నారు. నిన్న కయెటాన్‌తో పోట్లాట కూడా అయిందని చెప్పింది.

"హాస్టల్లో టిఫిన్ తిని పైన మా గదికొచ్చి పెట్టె తీస్తే పీక లేదు. గదిలో ఏదీ ముట్టుకోవద్దని వాళ్లకు చెప్పి ఇటు పరిగెత్తాను."

"ఆ ఒక్క పనీ తెలివిగా చేశావు," అంది ఒటీలియా, కోటు అందుకుంటూ.

హాస్టల్ గదిలో రెండంతస్తుల మంచాలు రెండు. కింది పక్కలు రెండూ చిందరవందరగా ఉన్నాయి. పై పరుపులు రెండూ బోసిగా ఉన్నాయి. కిటికీ దగ్గర హాల్ష్కా తన సంచికి ఆనుకుని కూర్చుంది. కయెటాన్ కింది పక్క మీద కాళ్లు చాపుకుని ఆపిల్ కొరుకుతున్నాడు.

"నాలుగో పక్క ఎవరిది?" అంది ఒటీలియా.

"తియాగో అని, పోర్చుగల్ వాడు. పొద్దున్నే ఖాళీ చేశాడు," అన్నాడు కయెటాన్. "రోజూ మమ్మల్ని గురకతో చంపేవాడు గానీ మర్యాదస్తుడే. ఖాళీ చేసేవాళ్లందరిలాగే దుప్పటీ దిండుగలీబూ ఒలిచి, వరండాలో బుట్టలో వేసి మరీ వెళ్లాడు."

"నిన్న ఈ అమ్మాయితో పోట్లాడింది నువ్వేనా?"

"పోట్లాడానండీ. ఈ పరీక్ష గొడవ వల్ల బుడాపెస్ట్ ఆలస్యమైపోతోందని తిట్టాను. తిట్టినవాడల్లా దొంగేనా?"

"నీ సంగతేంటమ్మా?"

"నేను ముందే కిందికి దిగాను," అంది హాల్ష్కా. "పాపం యగోదా, ఎంత ఆశ పెట్టుకుందో. ఇక బుడాపెస్ట్ రైలెక్కడం తప్ప చేసేదేముంది?"

బెన్నో ఉత్సాహం పట్టలేక ఒటీలియా చెవిలో, "తియాగోని స్టేషన్‌లో పట్టుకుందామా?" అన్నాడు. ఆవిడ అది పట్టించుకోకుండా పై పరుపులు రెండూ చేత్తో తడిమి చూసి, అందర్నీ కింద వంటగదిలోకి రమ్మంది.

బల్ల చుట్టూ కూర్చున్నాక ఒటీలియా మొదలుపెట్టింది.

"దారిన పోయే దొంగ క్లారినెట్ మొత్తం పట్టుకుపోతాడు. పీకొక్కటే తీసినవాడికి కావలసింది వస్తువు కాదు. ఈ పిల్ల రేపు ఊదకూడదు, అంతే. కాబట్టి తియాగో కాడు."

"చూశారా, చివరికి నా మీదకే వస్తోంది," అన్నాడు కయెటాన్.

"నీ పక్క నలిగి అలాగే ఉంది నాయనా. రేపటిదాకా ఇక్కడే ఉంటామని నమ్మినవాడి పక్క అది. యగోదాదీ అంతే. ఖాళీ చేసే రోజునే కదా ఎవరి దుప్పటి వాళ్లు ఒలిచేది? మరి పైన రెండు పరుపులు బోసిగా ఉన్నాయేం? ఒకటి తియాగోది. రెండోది?"

బెన్నో వేళ్లు మడిచి లెక్కపెట్టాడు.

"పీక పోయిందని తెలిశాక గదిలో ఎవరూ ఏదీ ముట్టుకోలేదు. అంటే అంతకుముందే, అందరూ టిఫిన్‌కి దిగకముందే, ఒకరికి ఈ రోజే ప్రయాణమని తెలుసు. ఊరూరా తిరిగి చేతికి పట్టిన అలవాటు, ఆలోచించకుండానే దుప్పటి ఒలిచేసింది. తీసివ్వు, హాల్ష్కా."

హాల్ష్కా వెంట తెచ్చుకున్న సంచి విప్పి, చుట్టిపెట్టిన మేజోళ్లలోంచి పీక తీసి బల్ల మీద పెట్టింది. కయెటాన్ ముఖం తిప్పుకున్నాడు.

"నువ్వా?" అంది యగోదా. "కయెటాన్ అనుకున్నానే. పొద్దున్న నా జడ అల్లుతూ ధైర్యం చెప్పావు కదే. అప్పటికే ఇది నీ సంచిలో ఉందా?"

"ఉంది," అంది హాల్ష్కా. "నువ్వు మాత్రం? ముగ్గురం కలిసి తిరిగే వేసవి అన్నావు. ప్రాగ్ దాకా పరీక్ష ఊసెత్తలేదు. నెగ్గితే ఇక్కడే ఉండిపోతావు. నేనెంత సంబరపడి వచ్చానే! నీ పరీక్షకు తోడుపెళ్లికూతురిగా తెచ్చుకున్నావు నన్ను."

"పరీక్షకు వెళ్లొద్దే అని ఒక్కసారి అడగలేకపోయావా?"

"అడిగితే ఆగేదానివా?"

"ఆగేదాన్ని," అంది యగోదా. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వడిగితే ఆగిపోతానని భయమేసే, చెప్పకుండా దాచాను."

హాల్ష్కా చెయ్యి చాచింది. యగోదా ఆ చేతిని దాటి పీక అందుకుంది.

"మీరిద్దరూ బుడాపెస్ట్ వెళ్లండి. నేను ఉంటున్నాను."