కాటా గదిలో మళ్లీ నెట్ పోయింది

మల్కాపురం లారీ యార్డులో కాటా గది చాలా చిన్నది. కిటికీ అవతల లారీలు ఎక్కి దిగే ఇనప కాటా, ఇవతల గుణశేఖర్. అతని ముందు, అతనికంటే సర్వీసు ఎక్కువున్న ఒక కంప్యూటర్. బరువు చూపించే సాఫ్ట్‌వేర్ కొత్త మెషీన్ల మీద నడవదు కాబట్టి పద్దెనిమిదేళ్లుగా ఆ పాతదాన్నే నెట్టుకొస్తున్నారు. గుణశేఖర్ పొద్దున్నే దానికి బొట్టు పెట్టి గానీ స్విచ్ వెయ్యడు.

ఆ ఆగస్టులో ఒకరోజు పిడుగుల వానకి దాని నెట్‌వర్క్ పోర్టు కాలిపోయింది. ఏ లారీ ఎంత బరువు తూగిందో వన్ టౌన్‌లోని హెడ్డాఫీసుకి ఎప్పటికప్పుడు కనిపించాలి. కనిపించకపోతే అక్కణ్ణుంచి ఫోన్లే ఫోన్లు. గుణశేఖర్ సర్వీసు షాపుకి ఫోన్ చేసి, తాతబాబుని పంపమన్నాడు. ఆ యార్డులో కంప్యూటర్ డాక్టరంటే తాతబాబే.

మర్నాడు వానలో స్కూటీ దిగింది తాతబాబు కాదు. రెయిన్‌కోటులో ఒక అమ్మాయి. హెల్మెట్ తీసి, నీళ్లు విదిలించి, టూల్ బ్యాగుతో సరాసరి లోపలికి వచ్చేసింది.

"తాతబాబు గారు రానేదేటండి?" అన్నాడు గుణశేఖర్.

"రాలేదండీ. నా పేరు ఆశాజ్యోతి. నేను చూస్తాను."

"మీరు సూత్తారా?"

"చూడ్డమే కాదండీ, బాగు కూడా చేస్తాను. కాస్త పక్కకి జరుగుతారా?"

ఆమె తండ్రి మోహనకృష్ణ స్టీల్ ప్లాంటు ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి దువ్వాడలో ఇల్లు కట్టుకున్నవాడు. అందుకే ప్రతి మాట చివరా ఒక 'అండీ' ఉంటుంది. ఆ 'అండీ'ల్లో మర్యాద ఎంతో, వేళాకోళం ఎంతో గుణశేఖర్‌కి అంతుపట్టలేదు.

"తెరిత్తే మరి లెగదండి అది. పాతది," అన్నాడు, ఆమె స్క్రూడ్రైవర్ తియ్యగానే.

"బొట్టు ఎవరు పెట్టారండీ?"

"నానే."

"అమ్మవారా, అయ్యవారా?"

తలుపు దగ్గర నిలబడ్డ సూరన్న కిసుక్కుమన్నాడు. సూరన్న యార్డు వాచ్‌మన్. నలభై దాటినవాడు. గుణశేఖర్‌ని బావా అని పిలుస్తాడు గానీ ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు.

పెట్టె మూత తీసేసరికి లోపల బెత్తెడు దుమ్ము, రెండు బల్లి గుడ్ల డొల్లలు కనిపించాయి. ఆశాజ్యోతి వాటిని కాగితం మీదకి తీసి గుణశేఖర్ చేతిలో పెట్టింది. "మీ ప్రసాదమండీ," అంది.

అరగంటలో, కాలిపోయిన పోర్టుకి బదులుగా ఖాళీ స్లాట్‌లో ఒక లాన్ కార్డు గుచ్చి, డ్రైవర్ ఎక్కించి, కేబుల్ పెట్టింది. వెనకాల పచ్చ లైటు వెలిగింది. హెడ్డాఫీసు లైన్లోకి వచ్చింది. ఆమె తన నంబరు రాసిచ్చి వెళ్లిపోయింది.

గంట తిరక్కుండా ఒక బొగ్గు లారీ కాటా ఎక్కింది. తెర మీద బరువు సున్నా.

మర్నాడు వచ్చిన ఆశాజ్యోతి ముఖంలో నవ్వు లేదు. "ఏం కదిపారండీ?"

"నాను ముట్టుకోనేదండి."

"ఎవరూ ముట్టుకోకుండా నిన్న పనిచేసింది ఇవాళ ఎందుకు పనిచెయ్యదండీ?"

"అది మీరు సెప్పాల. నాకు తెలిత్తే మిమ్మల్నెందుకు పిలుత్తాను?"

"అందరూ ఇలాగే అంటారండీ. గేములేవో ఎక్కించి ఉంటారు."

గుణశేఖర్‌కి నిజంగానే ఉక్రోషం వచ్చింది. తాను ఆ మెషీన్ మీద చేతిరుమాలు కూడా పెట్టడు. ఆ మాటే అని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆమె లాన్ కార్డుని తీసి, పెట్టి, చాలాసేపు చూసింది. కార్డు తీస్తే బరువు వస్తోంది. పెడితే నెట్ వస్తోంది, బరువు పోతోంది. చివరికి తనలో తను చిన్నగా నవ్వుకుంది.

"ఇలా రండి గుణశేఖర్ గారూ. ఇదిగో, కాటా వైరు వచ్చే కార్డు ఇది. నేను పెట్టిన లాన్ కార్డు ఇది. రెండూ ఒకే బెల్లు కొడుతున్నాయి. పిలిచిందెవరో ఈ ముసలిదానికి తెలియట్లేదు. ఒకళ్లకి పలికితే ఇంకొకళ్లకి పలకట్లేదు."

"మరేటి సేత్తారు?"

"స్లాట్ మారుస్తాను. వేరే బెల్లు వస్తుంది."

కార్డు తీసి చివరి స్లాట్‌లో పెట్టింది. బరువూ వచ్చింది, నెట్టూ వచ్చింది. ఆమె చేతులు తుడుచుకుని అతని ఎదురుగా నిలబడింది.

"సారీ అండీ. ఊరికే మిమ్మల్ని అనుమానించాను. తప్పు నాది."

గుణశేఖర్‌కి ఇరవై ఏడేళ్లు. ఆ యార్డులో తప్పు నాదని ఒక మనిషి చెప్పగా అతను వినడం అదే మొదటిసారి. "పర్లేదండి," అనబోయి, "టీ తాగుతారేటండి?" అన్నాడు. ఆమె తాగింది. బయట వాన చూరు మీంచి ధారగా పడుతోంది. దూరంగా కనిపించే రిఫైనరీ గొట్టం మీద మంట వానకి ఆరదా అని ఆమె అడిగితే, ఎందుకు ఆరదో అతను పావుగంట చెప్పాడు. అందులో సగం అప్పటికప్పుడు కల్పించిందే.

పది రోజుల తర్వాత నెట్ మళ్లీ పోయింది. పోవడం, రావడం, మళ్లీ పోవడం. ఈసారి ఆశాజ్యోతి సగం రోజు అక్కడే కూర్చుంది. గుణశేఖర్ కిటికీలోంచి లారీని చూసి "ఎక్కతన్నాది" అంటాడు. ఆమె వెనకాల లైటు చూసి "పోయింది" అంటుంది. "దిగతన్నాది" అంటే, "వచ్చింది" అంటుంది. ఎనిమిది లారీలయ్యాక ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. లోడు లారీ ఎక్కినప్పుడల్లా గది అదురుతోంది. కార్డుకున్న రేకు పెట్టె వెనక కంతలో సరిగ్గా కూర్చోక, స్క్రూ అరకొరగా పట్టి, కార్డు స్లాట్‌లో కదులుతోంది.

ఆమె పట్టకారుతో రేకు వంచింది. సముద్రపు గాలికి మసకబారిన కార్డు అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్దింది. గట్టిగా స్క్రూ బిగించింది. తర్వాత నాలుగు లోడు లారీలు ఎక్కాయి. పచ్చ లైటు కన్నార్పలేదు.

"అయిపోయిందండీ. ఇంక నాతో మీకు పనిలేదు," అంది హెల్మెట్ పెట్టుకుంటూ.

ఆ మాట ఆమె హాయిగానే అంది. గుణశేఖర్‌కే ఎక్కడో తగిలింది.

వారం గడిచింది. నెట్ పోలేదు. అతను రోజుకి పదిసార్లు వెనక్కి వంగి లైటు చూశాడు. "ఏటి బావా, దానికి దిష్టెడతన్నావు?" అన్నాడు సూరన్న. ఫోన్‌లో ఆమె నంబరుంది. రెండుసార్లు తీశాడు. ఏమని మొదలుపెట్టాలో తెలియక రెండుసార్లూ జేబులో పెట్టేశాడు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. సూరన్న భోజనానికి వెళ్లాడు. గుణశేఖర్ స్క్రూడ్రైవర్ తెచ్చి, మూత తీసి, స్క్రూ రెండు చుట్లు వదులు చేసి, లాన్ కార్డుని వేలితో పైకి లాగాడు. ఒక గోరంత. మూత పెట్టేసి, కరెంటు రాగానే నెట్ పోయిందని షాపుకి ఫోన్ చేశాడు.

ఆశాజ్యోతి సాయంత్రానికే వచ్చింది. అతను ముందే టీ తెప్పించి ఉంచాడు. ఆమె మూత తీసి, కార్డు మీద వేలు పెట్టి, అలాగే ఉండిపోయింది. కనిపెట్టేసిందనుకున్నాడు గుణశేఖర్.

"నా బిగింపే బాలేదండీ," అంది ఆమె నెమ్మదిగా. "స్క్రూ వదులైపోయింది."

"అదురుకి..." అన్నాడు గుణశేఖర్.

ఆమె కార్డు నొక్కి, స్క్రూ బిగించి, రిపోర్టు తీసి రాసింది. 'కారణం: టెక్నీషియన్ బిగింపులో లోపం.' కింద సంతకం పెట్టింది.

"అలగ రాసీసేరేటండి?"

"నిజమే కదండీ. ఈ నెలాఖరుకి నా ప్రొబేషన్ అయిపోతుంది. ఒకే చోటికి నాలుగోసారి అంటే మా మేడం ఊరుకోరు. ఇంకో ఆరు నెలలు పెంచుతారు. పెంచనివ్వండి, నేర్చుకుంటాను." నవ్వడానికి ప్రయత్నించింది గానీ నవ్వు రాలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి, ఆ రోజు ఏమీ అనకుండా వెళ్లిపోయింది. టీ అలాగే ఉంది.

ఆమె అనుమానించిన రోజున అతను ఏ తప్పూ చెయ్యలేదు. ఈ రోజు చేశాడు, ఈ రోజే ఆమె నమ్మింది.

కిటికీ బయట లారీ హారన్ కొడుతోంది. గుణశేఖర్ ఆ ఒక్క లారీ తూచి, లేచాడు.

"సూరన్న బావా, గంట సేపు లారీలాపు."

"ఏటైనాది?"

"తప్పు సేసేను. సెప్పీసొత్తాను."

వన్ టౌన్ సందులో ఆ షాపు దొరికేసరికి అతను నిలువునా తడిసి ఉన్నాడు. లోపల షాపు యజమానురాలు భ్రమరాంబ కళ్లజోడు సర్దుకుని ఆశాజ్యోతి రిపోర్టు చదువుతోంది. ఎదురుగా ఆశాజ్యోతి తలవంచుకుని నిలబడింది.

"మేడం, అది అబద్ధమండి," అన్నాడు గుణశేఖర్ గుమ్మంలోంచే. "కార్డు దానంతటది ఊడనేదు. నాను లాగీసేను."

భ్రమరాంబ కళ్లజోడు దించింది. "నువ్వెవరు బాబూ?"

"కాటా గుణశేఖర్నండి. మల్కాపురం."

"బాగా పనిచేస్తున్నదాన్ని ఎందుకు లాగావు?"

అతను ఆశాజ్యోతి వైపు చూశాడు. ఆమె అప్పటికే తలెత్తింది.

"ఈవిడ మళ్లీ వత్తారని."

"నా నంబరు మీ దగ్గరుంది కదా," అంది ఆశాజ్యోతి. గొంతులో 'అండీ' లేదు.

"ఉందండి. ఫోన్ సేసి ఏటి మాటాడాలో తెలీనేదు. నెట్ పోయిందంటే మాటలుంటాయి గదా."

"నా ఉద్యోగం ఖాయం కాకుండా పోయేది."

"నాకు తెలీదండి. తెలిత్తే సెయ్యకపోదును. తెలీకపోయినా సెయ్యకూడదు. అందుకే వచ్చేను."

ఆమె వెనక గదిలోకి వెళ్లిపోయింది. భ్రమరాంబ రిపోర్టులో ఆ వాక్యం కొట్టేసి, పక్కన ఏదో రాసి, అతన్ని ఎగాదిగా చూసింది.

"మా పిల్ల చేత ఒక రోజు వృథాగా పని చేయించావు. దానికి నాలుగు ఆదివారాలు నువ్వు ఇక్కడ పని చెయ్యి. వెనక గదిలో పాత మెషీన్లు గుట్టగా ఉన్నాయి. వాటిలో లాన్ కార్డులు ఊడదీసి, తుడిచి, ఏది బతికుందో ఏది పోయిందో చూడాలి. ఊడదియ్యడం నీకు వచ్చు కదా."

మొదటి ఆదివారం ఆశాజ్యోతి అతనితో రెండే మాటలు మాట్లాడింది. కార్డు పెట్టి చూసి లైటు వెలిగితే "బతికుంది", వెలగకపోతే "పోయింది". ముప్ఫై కార్డులకి ముప్ఫై మాటలు. గుణశేఖర్ తలొంచుకుని రబ్బరుతో అంచులు రుద్దుతూ కూర్చున్నాడు. ఆ వారమే ఆమెకి ఉద్యోగం ఖాయమైన కాగితం చేతికొచ్చింది.

రెండో ఆదివారం అతను ఒక కార్డుని తిరగేసి గుచ్చబోతుంటే ఆమె చూసింది. "లాగడమొకటే నేర్చుకున్నారండీ, పెట్టడం రాదా?" 'అండీ' తిరిగొచ్చింది. గుణశేఖర్‌కి ఆ పూట ఆకలి వెయ్యలేదు.

మూడో ఆదివారం ఆమె రెండు బాక్సులు తెచ్చింది. రెండోది ఎవరికని అతను అడగలేదు. "అమ్మ ఎక్కువ పెట్టేసిందండీ," అని ఆమే చెప్పింది. అందులో వంకాయ కూర, పెరుగన్నం, విడిగా చిన్న డబ్బాలో ఊరగాయ. ఎక్కువై పెట్టిన అన్నానికి విడిగా ఊరగాయ డబ్బా ఎందుకని అతనికి తోచింది. నోరు మూసుకుని తిన్నాడు.

నాలుగో ఆదివారం సాయంత్రానికి గుట్ట అయిపోయింది. మొత్తం నూట పదహారు కార్డులు, అందులో బతికినవి నలభై మూడు. గుణశేఖర్ చేతులు కడుక్కుని వచ్చాడు. ఇంక వచ్చే ఆదివారం ఎక్కడికెళ్లాలో తెలియని ముఖంతో గుమ్మం దగ్గర నిలబడ్డాడు. సందులో సన్నగా తుంపర పడుతోంది.

"మీకొక సంగతి చెప్పాలండీ," అంది వెనకనుంచి ఆశాజ్యోతి. "మేడంకి చెప్పకూడదు."

"సెప్పండి."

"మీ దగ్గరికి మూడోసారి వచ్చాను చూడండి, లారీలు లెక్కపెట్టినప్పుడు. ఆ రిపేరు కాల్ నాది కాదు, తాతబాబు గారిది. ఆయన ఇల్లు మల్కాపురంలోనే. ఆ రోజు నాది దువ్వాడ కాలేజీ కాల్, మా ఇంటి వెనకాలే. ఆయన్ని మోకాళ్ల నొప్పులతో దువ్వాడ పంపించి, మల్కాపురం నేనొచ్చాను."

గుణశేఖర్ ఆమె వైపు తిరిగాడు. "మరి నన్ను నెల్రోజులు రబ్బరెట్టి రుద్దించేరేటి?"

"మీరు కార్డు లాగారు. నేను కాల్ మార్చాను, అంతే. రెండూ ఒకటేనా?"

"ఒకటి కాదనుకోండి. తాతబాబు గారి మోకాళ్లకి మాత్రం మీ తప్పే పెద్దది."

ఆమె నవ్వింది. ఆ నవ్వు తగ్గేదాకా ఇద్దరూ వాన చూస్తున్నట్టు నిలబడ్డారు. లోపల భ్రమరాంబ ఎవరితోనో ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతోంది.

"వచ్చే ఆదివారం దువ్వాడ రాగలవా?" అంది ఆశాజ్యోతి, రోడ్డు వైపే చూస్తూ. "నాన్న ఇంట్లోనే ఉంటారు. నీ గురించి చెప్పాను."

'నీ' అన్న మాట అతని చెవిలో పడి అక్కడే ఆగింది. కంగారులో, అలవాటైన ప్రశ్నే నోటికొచ్చింది.

"మీ ఇంట్లో ఏటి పాడైనాది?"

"ఏమీ పాడవలేదు," అంది ఆమె. "ఊరికే రా."