చివరి స్తంభం దగ్గర గేలం

పాత జెట్టీ చివరి స్తంభం దగ్గర చీకటి పడ్డాక ఎవరూ గేలం వెయ్యరు. వేస్తే... అవతల నుంచి ఎవరో లాగుతారట.

చేప లాగినట్టు కాదు. మనం ఒకసారి లాగితే అదీ ఒకసారి. మనం రెండుసార్లు లాగితే అదీ రెండుసార్లు. లెక్కపెట్టుకుని మరీ బదులు చెప్పినట్టు! కొన్నేళ్ళ కిందట ఒక వడ్రంగి గేలంతో సహా అక్కడే నీళ్ళలోకి పోయాడు. గేలం కర్ర దొరికింది. వడ్రంగి దొరకలేదు.

ఈ మాట వింటే చాలు, పళ్ళ డాక్టరు ముక్కుతో నవ్వేవాడు.

"నాచు తగులుకుంటే దయ్యమంటారు. చేప పట్టడం చేతకాదని చెప్పొచ్చుగా!"

ఆయన వెటకారానికి ఎక్కువగా బలయ్యేది తోడల్లుడు, లెక్కల మాస్టారు. భార్యలు అక్కచెల్లెళ్ళాయె, ప్రతి ఆదివారం ఒకే బల్ల దగ్గర భోజనం తప్పదు. "ఏం తమ్ముడూ, ఈ వారం నువ్వు చేపని పట్టావా, చేపే నిన్ను పట్టిందా?" అని అందరిముందూ అడిగేవాడు. మాస్టారు తలొంచుకుని తినేవాడు.

అలాంటి మాస్టారికి, సీజను ఇంకో మూడు రోజుల్లో ముగుస్తుందనగా, పదకొండు కిలోల పండుగప్ప పడింది. చేపల క్లబ్బు బోర్డు మీద అతిపెద్ద చేప పట్టినవాడిగా ఏటా పైనుండే డాక్టరు పేరు కిందికి దిగింది. ఆ పూట ఆయనకి ముద్ద దిగలేదు.

నీళ్ళు చల్లబడితే పెద్ద చేపలు వెళ్ళిపోతాయి. అప్పటికి ఇంకా వెచ్చగా ఉన్నది ఒక్కచోటే, చివరి స్తంభం కింది లోతులో. అందుకే ఆఖరి రాత్రి, అర్జంటుగా పన్ను పీకాలని భార్యకి చెప్పి, డాక్టరు గేలం కర్ర భుజాన వేసుకున్నాడు.

చెక్కలు కిర్రుమన్నాయి. వెన్నెల లేదు. గేలం విసిరి కూర్చున్నాడు.

చాలాసేపటికి... దారం కదిలింది.

ఒకసారి లాగాడు. అటునుంచీ ఒకసారి.

'నాచు,' అనుకున్నాడు. రెండుసార్లు లాగాడు. అటునుంచీ రెండు.

ఊరుకుని చూశాడు. అదీ ఊరుకుంది. మూడుసార్లు లాగాడు.

ఒకటి... రెండు...

హమ్మయ్య అనుకునేలోపు — మూడు!

గేలం కర్ర వదిలేసి పారిపోవచ్చు. కానీ తెల్లారి అది నీళ్ళమీద తేలుతూ క్లబ్బువాళ్ళ కంటపడితే? ఆ క్షణంలో డాక్టరుకి దయ్యంకన్నా ఆదివారం భోజనమంటేనే ఎక్కువ భయమేసింది.

స్తంభం వెనకనుంచి చిన్న దగ్గు వినిపించింది.

"ఎ... ఎవరది?"

"అన్నయ్యా... మీరా?"

డాక్టరు టార్చి వేశాడు. స్తంభానికి అవతల, కింది మెట్టు మీద లెక్కల మాస్టారు!

డాక్టరుకి ఊపిరి తిరిగొచ్చింది. ఊపిరితోపాటే నోరూ వచ్చింది.

"ఓహో, నువ్వా! ఇక్కడెందుకు తగలడ్డావు?"

"ఆఖరి రోజు కదా... మీరు నన్ను మించిపోతారేమోనని..."

"అందుకని నా దారానికే నీ దారం చిక్కేసి చేపనుకుని లాగుతున్నావా? ఆ పదకొండు కిలోలూ ఇలాగే పట్టావా తమ్ముడూ?" జెట్టీ అదిరిపోయేలా నవ్వాడు. "వదులు, వదులు. ముందు చిక్కు తీద్దాం."

"ఏ దారం అన్నయ్యా?"

మాస్టారు రెండు చేతులూ వెలుగులోకి చాపాడు. ఒక చేతిలో ఉత్త గేలం ముల్లు. ఇంకో చేతిలో దారం కొస.

"కళ్ళజోడు మర్చిపోయొచ్చాను. అరగంట కుస్తీపట్టినా ముల్లుకి దారం ఎక్కలేదు. ఈలోగా ఏదో అడుగుల చప్పుడైతే, భయమేసి లైటార్పేశాను. నేనింకా... నీళ్ళలో గేలం వెయ్యనే లేదు."

డాక్టరు నవ్వు సగంలో ఆగిపోయింది.

ఈసారి ఆయన లాగలేదు. వేలు కూడా కదపలేదు.

గేలం కర్ర కొస మెల్లగా వంగింది. ఒకసారి... రెండుసార్లు... మూడుసార్లు...

నాలుగు.