కుర్చీ మీద కుళ్ళు

దుర్గారావుది జనరల్ షిఫ్ట్, రోజూ సాయంత్రం ఐదుకల్లా ఖాళీ. ఉమామహేష్ కుళ్ళిపోవడానికి ఆ ఒక్కటీ చాలు.

కూర్మన్నపాలెంలో, మందుల షాపు పైన, భీమశంకరరావు మాస్టారి స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు సాయంత్రం ఆరింటికి. దుర్గారావు రోజూ వస్తాడు. వచ్చి సూర్యకళ పక్క కుర్చీలోనే కూర్చుంటాడు. స్టీల్ ప్లాంట్‌లో ఉమామహేష్‌కి షిఫ్టులు మారుతుంటాయి. బి షిఫ్ట్ పడిందంటే మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా లోపలే. ఆ వారాల్లో ఆ కుర్చీ దగ్గర ఏం జరుగుతోందో ఊహించుకునే అతను నాలుగు కిలోలు తగ్గాడు.

పైగా ఇవాళ జతలు కట్టే రోజు. కోర్సు చివర ఇద్దరిద్దరు స్టేజీ ఎక్కి మాట్లాడాలి. ఇవాళ ఎవరికి ఎవరు జతైతే, రెండు నెలలు వాళ్ళిద్దరే ప్రాక్టీసు.

మాస్టారు బోర్డు మీద ‘బిగ్రడ్జ్’ అని రాశారు.

“ఈ వెర్బు కొంచెం పెద్దది. ఎదుటోడికి దక్కింది సూసి, ఆడికెందుకు దక్కాలని లోపల్లోపల ఏడవడం. ముందు మనిషి, ఎంటనే ఆడికి దక్కింది. ‘ఐ బిగ్రడ్జ్ మై బ్రదర్ హిజ్ బైక్.’ మా తమ్ముడికి బైకుందని నాను కుళ్ళిపోతన్నానని అర్థం. ఇప్పుడు మీ బతుకులోంచి ఒక్కో వాక్యం సెప్పండి. నిజవే సెప్పాల.”

దుర్గారావు వంగి సూర్యకళ నోట్సులో ఏదో దిద్దాడు. ఆమె నవ్వింది.

ఉమామహేష్ పనిచేసేది ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర. కడుపులో మంట ఎన్ని డిగ్రీలో సుమారుగా చెప్పగలడు. పద్నాలుగు వందలు దాటింది.

“నువ్ సెప్పవయ్యా, ఉమామహేష్.”

లేచాడు. “ఐ బిగ్రడ్జ్ దుర్గారావు... హిజ్ చైర్.”

క్లాసంతా ఆ కుర్చీని చూసింది. నీలం ప్లాస్టిక్‌ది. ఒక చెయ్యి విరిగింది.

“ఈ కుర్సీలో ఏటుంది బావా?” అన్నాడు దుర్గారావు.

“కుర్సీలో ఏటీ లేదు. పక్కనుంది.”

సూర్యకళ రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. సూది గుచ్చేముందు నరం వెతికినట్టు అతన్ని పైనుంచి కిందదాకా చూసింది. తర్వాత లేచి నిలబడింది.

“ఐ బిగ్రడ్జ్ ది ప్లాంట్ ఉమామహేష్.”

మాస్టారు సుద్దముక్క కింద పెట్టారు. “వాక్యం కరెస్టే. భావవే...”

“బి షిఫ్టని పేరెట్టి వారవంతా ఈ మనిషిని అదే ఉంచేసుకుంటంది సార్. నాకు ఒళ్ళు మండిపోతంది.”

దుర్గారావు మర్యాదస్తుడు. లేచి వెనక వరసకి వెళ్ళిపోయాడు. కుర్చీ కూడా పట్టుకుపోయాడు.

మాస్టారు జతల కాగితంలో రెండు పేర్లు పక్కపక్కన రాసేశారు. ఉమామహేష్ వెళ్ళి, కుర్చీ లేని ఆ చోట ఆమె పక్కన నిలబడ్డాడు.

“రేపు ఏ షిఫ్టు?” మెల్లగా అడిగింది.

“బి.”

“అయితే పొద్దున్న తొమ్మిదికి ఇంటికొచ్చీ. మా నాన్న ఉంటాడు.”

“ప్రాక్టీసుకి మీ నాన్నెందుకు?”

“ఆయనకి ఇంగ్లీషు రాదు. ఇందాక నువ్ సెప్పిందే తెలుగులో సెప్పు.”