ఎడమకాలి చప్పుడు

ఫిజియోథెరపీ గది తలుపు తీసుకుని ఆస్పత్రి వరండాలోకి వచ్చిన డాక్టరమ్మాయికి ఒళ్ళు మండిపోయింది.

వరండాలో డ్రిల్లు మాస్టారు నడుస్తున్నారు. పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయాక, ఈమధ్యనే తేరుకుని కర్ర సాయంతో తిరుగుతున్నారు. ఎడమకాలు నేరుగా ముందుకు రాదు. బొటనవేలు నేలను గీసుకుంటూ, పక్కనుంచి చుట్టూ తిరిగి వస్తుంది. ఆయన వెనకాలే ఎవరో కుర్రాడు, అచ్చం ఆయనలాగే కాలు ఈడుస్తూ, ఒళ్ళు ఒక పక్కకి వాల్చి నడుస్తున్నాడు. పైగా కళ్ళు మూసుకుని, తన్మయంగా.

"ఆగండి," అంది.

మాస్టారు ఆగారు. కుర్రాడూ ఆగాడు.

"మిమ్మల్ని కాదు మాస్టారూ. ఆ వెనకాయన్ని. పెద్దవాళ్ళని వెక్కిరించడానికి సిగ్గుగా లేదా?"

"వెక్కిరించడం లేదండీ. వింటున్నాను."

"కాళ్ళతోనా?"

కుర్రాడు తల గోక్కున్నాడు. "నేను సినిమాలకి చప్పుళ్ళు చేస్తానండీ. తెర మీద ఎవరు నడిచినా, ఆ అడుగుల చప్పుడు స్టూడియోలో మేం చేసి కలుపుతాం. ఇప్పుడు చేస్తున్న సినిమాలో తాతగారికి పక్షవాతం. నేనెలా నడిచినా, తాగి ఇంటికొచ్చినవాడిలా ఉందంటున్నాడు మా డైరెక్టరు."

మాస్టారు ఫక్కున నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. దాంతో ఆమె కోపం తగ్గాల్సింది పోయి ఇంకాస్త పెరిగింది.

"పర్మిషన్ తీసుకోవాలని తెలీదా?"

"నేనే రమ్మన్నానమ్మా," అన్నారు మాస్టారు. "వెనక ఒకడుంటే మళ్ళీ పరేడ్ చేయిస్తున్నట్టుంది."

కుర్రాడు ఆయన చెవి దగ్గరికి వంగి, ఆమెకి వినపడేలాగే అడిగాడు. "మాస్టారూ, ఈ డాక్టరమ్మ ఎప్పుడూ ఇంతేనా?"

"ఇంట్లో ఇంకా ఎక్కువ."

"ఇంట్లోనా?"

"మా అమ్మాయే. ఆస్పత్రిలో మాత్రం నన్ను మాస్టారూ అనే పిలుస్తుంది."

కుర్రాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు మాత్రం ఆమెకి నవ్వొచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది.

"లోపలికి రండి. వెనక నడిస్తే ఆ నడక రాదు," అంది.

అతని ఎడమ మోకాలు వంగకుండా పట్టీ బిగించింది. పాదం ముందుకు వేలాడేలా కట్టు కట్టింది. "ఇప్పుడు నడవండి."

మొదటి అడుగుకే బొటనవేలు నేలకి తట్టుకుని, అతను ముందుకి తూలి పక్కనున్న ఇనప ఊచ పట్టుకున్నాడు.

"మామూలుగా అడుగేసేటప్పుడు మోకాలు మడుస్తాం, పాదం పైకెత్తుతాం. అందుకే కాలు నేలకి తగలకుండా ముందుకొస్తుంది. మెదడు నుంచి కబురు సరిగ్గా అందకపోతే మోకాలు వంగదు, పాదం లేవదు. అంటే ఆ కాలు పొడుగైపోయినట్టే. ఇప్పుడు దాన్నెలా ముందుకి తెస్తారు?"

అతను నడుము ఒకవైపు ఎత్తాడు. కాలు దానంతటదే పక్కనుంచి తిరిగి వచ్చింది.

"ఓహో," అన్నాడు.

"అదీ సంగతి. మనకి వంకర నడకలా కనపడుతుంది. ఒళ్ళు మాత్రం పడిపోకుండా వెళ్ళే దారి వెతుక్కుంటోంది."

అతను మళ్ళీ కళ్ళు మూసుకుని ఇంకో నాలుగడుగులు వేశాడు. "మరి మాస్టారి కుడికాలు అంత గబుక్కున ఎందుకు పడుతోందండీ? ఎడమకాలి మీద నిలబడాలంటే భయమా?"

ఆమె అప్పుడు అతన్ని సరిగ్గా చూసింది. చెవులు కాస్త పెద్దవి. కళ్ళు బావున్నాయి.

"మీరు ఫిజియో చదవాల్సింది."

"కాలేజీలో కప్పని కొయ్యమన్నారండీ. పారిపోయాను."

ఆ తర్వాత సినిమా పేరు చెప్పుకుని అతను తరచూ రావడం మొదలుపెట్టాడు. మాస్టారు అతనికి చప్పుళ్ళబ్బాయి అని పేరు పెట్టారు. అతను ఆయనకి బూట్లలో ఎన్ని రకాల చప్పుళ్ళున్నాయో చేసి చూపించేవాడు. ఆమె పని చేసుకుంటూనే వినేది. అతను రాని రోజు వరండా మరీ బోసిగా ఉందని ఆమెకి తెలుస్తూనే ఉంది గానీ, పైకి ఒప్పుకోలేదు.

ఆమెని తినేస్తున్న దిగులు వేరే ఉంది. మాస్టారు ఆస్పత్రి వరండా దాటి ఎక్కడా నడవరు. ఇంటి గుమ్మం దగ్గర కారెక్కి, ఆస్పత్రి గుమ్మం దగ్గర దిగుతారు.

"ఇంతమంది పిల్లలకి లెఫ్ట్ రైట్ నేర్పినవాణ్ణి. నా లెఫ్టే నా మాట వినడం లేదని వీధిలో అందరూ చూడాలా?" అనేవారు. కుడికాలిని తొందరపెట్టకండి, ఎడమకాలి మీద బరువు మోపండి అని ఆమె ఎంత చెప్పినా తలూపేవారు, మళ్ళీ మామూలే. నడక మెరుగవడం అక్కడితో ఆగిపోయింది.

ఒకరోజు వాన. ఆమె లోపలికి వచ్చేసరికి మాస్టారు చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్నారు. మొహం వాడిపోయి ఉంది. పక్కన చప్పుళ్ళబ్బాయి, చేతిలో ఆయన అడుగులు పట్టిన రికార్డరు.

"నేనిలా నడుస్తున్నానా?" అని గొణిగారు.

ఆమె ఆ హెడ్‌ఫోన్స్ లాగేసింది. "ఈయన అద్దంలోనైనా చూసుకోరు. ఇది వినిపించమని మీకెవరు చెప్పారు?"

"మాస్టారే అడిగారండీ..."

"అడిగితే పెట్టేస్తారా? మీకు సినిమా. మాకు జీవితం. ఇంక రాకండి."

అతను లేచాడు. రికార్డర్ని చొక్కా లోపల దాచుకుని, వానలోనే వెళ్ళిపోయాడు.

రెండుమూడు రోజులు గడిచాయి. ఆ తర్వాత ఒక సాయంత్రం మాస్టారు కుర్చీలో కూర్చుని చెక్కబల్ల మీద వేలితో దరువేస్తున్నారు. వంటింట్లోంచి అమ్మ తొంగిచూసింది. "ఏమిటండీ ఆ గోల?"

"తప్పు కుడికాలిది," అన్నారాయన.

"ఏంటి నాన్నా?"

"ఇన్నాళ్ళూ ఎడమదాన్ని తిట్టుకున్నాను. అది పాపం దాని శక్తి కొద్దీ నిలబడుతోంది. కుడిదే ఆగకుండా ముందు దూకేస్తోంది. వరసలో ఇలాంటివాడుంటే చెవి మెలిపెట్టేవాణ్ణి."

"నేను మొదట్నుంచీ చెప్తున్నదదేగా?"

"చెప్పావు. నాకెప్పుడూ వినపడలేదు. ఆ అబ్బాయి పెట్టిన దాంట్లో వినపడింది."

మర్నాటి నుంచి మాస్టారు తనకి తానే డ్రిల్లు పెట్టుకున్నారు. "లెఫ్ట్. నిలబడు. ఇప్పుడు రైట్." కాలు ఇంకా పక్కనుంచే తిరుగుతోంది, వేలు ఇంకా గీసుకుంటోంది. కానీ రెండడుగుల మధ్య తేడా తగ్గింది. ఒళ్ళు అంతగా వాలడం లేదు. ఆమె గోడకి తిరిగి కళ్ళు తుడుచుకుని, చప్పుళ్ళబ్బాయికి ఫోన్ చేసింది.

"మా పేషెంట్ మిమ్మల్ని అడుగుతున్నారు."

"మీరు?"

"నేను... ఆ రోజు కాస్త ఎక్కువ మాట్లాడాను."

"కాస్తేనా?"

"సరే, బాగా ఎక్కువ. చాలా?"

"చాలండీ. నాదీ తప్పే, మీకొక మాట చెప్పి వినిపించాల్సింది. మాస్టారెలా ఉన్నారు?"

ఎలా ఉన్నారో చెప్పింది. అవతల అతని నవ్వు వినపడింది. "ఆయన అంత బాగా నడిచేస్తే నా సినిమా ఏం కావాలి? ఒకసారి స్టూడియోకి తీసుకురండి. తాతగారి అడుగులు ఆయనే వేస్తారేమో అడుగుదాం."

మాస్టారు వెంటనే ఒప్పేసుకున్నారు. "నా నడకకి సినిమాలో వేషమా?" అని అమ్మకి నాలుగుసార్లు చెప్పారు. స్టూడియో ఉన్న వీధి మొదట్లోనే కారు ఆపించి దిగారు. కూతురు చెయ్యి అందించబోతే వద్దన్నారు. దుకాణాల ముందునుంచి, అందరూ చూస్తుండగా, నెమ్మదిగా నడిచారు. మంగలిషాపు ముందు కూర్చున్న ఒకాయన లేచి నమస్కారం పెట్టాడు. మాస్టారు కర్ర కాస్త ఎత్తి తలూపి, ముందుకి సాగారు.

స్టూడియోలో తెర మీద సినిమా తాతగారు నడుస్తుంటే, ఇక్కడ చెక్క నేల మీద మాస్టారు నడిచారు. అద్దం అవతల గదిలోంచి డైరెక్టరు బొటనవేలు ఎత్తి చూపించాడు. తన అడుగులు తానే వినాలని మాస్టారు ఆ గదిలోకి వెళ్ళి కూర్చున్నారు. ఇవతల వీళ్ళిద్దరే మిగిలారు.

"ఇక్కడేంటి ఇంత నిశ్శబ్దం?" అంది గుసగుసగా.

"గోడలు చప్పుడు మింగేస్తాయి."

"సినిమా అయిపోయింది. ఇంక ఆస్పత్రికి ఏ వంకతో వస్తారు?"

"కాలు విరగ్గొట్టుకుందామనుకుంటున్నాను."

"ఏ కాలు?"

"మీరు ఏదంటే అది."

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. చేతిలో ఉన్న పాత బూట్ల జతని అటూ ఇటూ తిప్పాడు.

"మీరు కోప్పడితే నాకు భయమండీ. కోప్పడకుండా ఊరుకుంటే ఇంకా భయం. మీ వరండాకి రాని రోజు నాకు ఏ చప్పుడూ నచ్చడం లేదు. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమె ఏదో అనబోయేంతలో స్పీకరు గరగరలాడింది. లోపల్నుంచి మాస్టారి గొంతు. "బాబూ, మైకు ఆన్‌లోనే ఉంది. డైరెక్టరుగారు కూడా విన్నారు. బాగా వచ్చిందంటున్నారు."

అతని చేతిలో బూటు జారి కిందపడింది.

"మా అమ్మాయి మాత్రం ఏమీ అన్నట్టు లేదు," అంది స్పీకరు.

ఆమె చెవులదాకా ఎర్రబడింది. అయినా మైకు దగ్గరికి నడిచి వెళ్ళి, తొణక్కుండా అంది. "నాకూ ఇష్టమే నాన్నా. అమ్మకి మాత్రం నువ్వే చెప్పాలి."

"చెప్తాను. అబ్బాయిని భోజనానికి తీసుకురా."

ఇద్దరూ అద్దంవైపు చూశారు. అవతల మాస్టారు కర్ర పక్కన పెట్టేసి, కుడిచేత్తో ఎడమచేతిని పట్టుకుని పైకెత్తి, వాళ్ళవైపు దీవిస్తున్నట్టు ఊపుతున్నారు.